డీఎస్ లైట్: మూత కూడా ఒక మీటే

2008లో మా చిన్నాన్న డల్లాస్ నుంచి వస్తూ తెచ్చిన, చేత్తో పట్టుకుని ఆడే గేమ్ యంత్రం నింటెండో డీఎస్ లైట్ నా దగ్గర ఇంకా నడుస్తోంది. కింది తెర నిండా గీతలే, అన్నీ నా చేతిచలవే. తెర మీద గీసే పుల్ల, అదే స్టైలస్, ఎప్పుడో పోయింది, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో నెట్టుకొస్తున్నా. ఒత్తిడిని పసిగట్టే పాతరకం టచ్ కదా, గోరైనా పనిచేస్తుంది.

రెండు తెరలు, మైకు, మడిచే మూత. ఉన్నాయి కదా అని ఎడాపెడా వాడేసిన ఆటలు బోలెడు. బటన్ నొక్కితే పోయేదానికి తెర మీద తట్టమంటాయి, అంతే. 2005 నాటి కిర్బీ కాన్వస్ కర్స్ ఆ బాపతు కాదు. అందులో కిర్బీ కాళ్లూ చేతులూ లేని బంతి, మనం గీసిన ఇంద్రధనుస్సు గీత మీద దొర్లుతుంది. సిరాకు కొలత ఉంది. గీస్తుంటే తరుగుతుంది, ఆపితే నిండుతుంది. అడ్డదిడ్డంగా గీస్తే సరిగ్గా గోతి దగ్గరికొచ్చేసరికి సిరా ఉండదు. ఆ ఆటను బటన్లకు మార్చితే ఇక మిగిలేదేమీ లేదు.

2007లో వచ్చిన జేల్డా ఫాంటమ్ అవర్‌గ్లాస్ ఇంకో మెట్టు పైన. ఓడకు దారి మనమే పటం మీద గీయాలి, బూమరాంగ్ ఎటు తిరగాలో కూడా మనమే గీయాలి. ఒకచోట సముద్రంలోంచి సరుకు పైకి తీసే యంత్రం కొనాలంటే మైకులో అరవాలి. ఎంత గట్టిగా అరిస్తే ధర అంత తగ్గుతుంది. (ఆ ఆటలో డబ్బు పేరూ రూపీయే!) అర్ధరాత్రి, పక్క మంచం మీద నానమ్మ. గుసగుసగానే బేరమాడి ఎక్కువే పోసుకున్నా.

ఈ ఆటలో అన్నిటికంటే నచ్చింది ముద్ర ఘట్టం. ఆడబోయేవాళ్లు ఈ పేరా దాటేయండి. పై తెర మీద ముద్ర, కింది తెర మీద పటం. ముద్రను పటానికి అద్దమంటుంది ఆట. రుద్దాను, తట్టాను, ఊదాను. ఒళ్లు మండి మూత టప్పున వేసి పడుకున్నా. పొద్దున తెరిస్తే పటం మీద ముద్ర పడి ఉంది.

మైకుతో మాత్రం మన ఇళ్లలో తంటాలే. 2009 నాటి మరో జేల్డా ఆట స్పిరిట్ ట్రాక్స్‌లో గొట్టాల పిల్లనగ్రోవిని స్టైలస్‌తో అటూ ఇటూ జరుపుతూ ఊదాలి. నాకంటే ముందు సీలింగ్ ఫ్యాన్ ఊదేసేది. మే నెలలో ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ వాయించిన పాటలవి. బస్సులో కిటికీ సీటు దొరికితే ఆరోజు ఆట బంద్.

మొన్న మా మేనల్లుడు ఫోన్‌లో డీఎస్ ఆటలు ఆడించే ఎమ్యులేటర్ వేసుకుని అదే జేల్డా ఆడాడు. సరిగ్గా ముద్ర దగ్గర ఆగాడు.

"మావయ్యా, పడట్లేదు."

"ఆలోచించరా."

ఐదు నిమిషాలు కూడా కాలేదు. "మెనూలో 'మూత మూయి' అని ఓ బటన్ ఉంది. అదేనా?"

అదేరా, నొక్కు అన్నాను.