మ్యాపు, కౌంటరు, పత్రం: మా నగర ప్రణాళికా విభాగపు జోనింగ్ సేవ ఎలా ఉందంటే

పెరటిలో ఒక గది, చిన్న వంటిల్లు, స్నానాలగది ఉన్న విడి కట్టడం వేసుకోవాలనుకొని, మా శివారు నగరపు ప్రణాళికా విభాగం ఆస్తి యజమానులకు అందిస్తున్న జోనింగ్ (ఏ స్థలంలో ఏమి కట్టవచ్చో చెప్పే నిబంధనల) విచారణ సేవను మూడు నెలలుగా వాడుతున్నాను. ఇందులో ఆన్‌లైన్ మ్యాపు, కార్యాలయంలో విచారణ కౌంటరు, దరఖాస్తు చేసుకుంటే ఇచ్చే లిఖితపూర్వక జోనింగ్ ధ్రువీకరణ పత్రం అని మూడు భాగాలున్నాయి. ప్రచారమంతా మ్యాపుకే జరుగుతోంది గాని, నాకు నిజంగా అక్కరకొచ్చినవి తక్కిన రెండూ.

మ్యాపు చూడడానికి ముచ్చటగానే ఉంది. చిరునామా కొట్టగానే ప్లాటు హద్దులు కనిపిస్తాయి. పసుపు నివాసానికి, ఎరుపు వాణిజ్యానికి, ఊదా పరిశ్రమకు అన్న వాడుక రంగులే ఇక్కడా ఉన్నాయి. వినియోగాన్ని బట్టి భూమిని ఇలా వేరుచేసే పద్ధతికీ శివారు నగరాలకూ పాత చుట్టరికమే ఉంది: అమెరికాలో 1916లోనే న్యూయార్క్ నగరమంతటికీ జోనింగ్ తెచ్చినా, 1926లో అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది క్లీవ్‌లాండ్ శివారైన యూక్లిడ్ గ్రామం పెట్టిన నిబంధనలను, ఆ పేరు మీదనే ఈ పద్ధతిని ఇప్పటికీ యూక్లిడియన్ జోనింగ్ అంటారు. మా మ్యాపులోని చిక్కేమిటంటే, నేడు అమలులో ఉన్న జోనింగునూ, మాస్టర్ ప్లాన్‌లోని భవిష్యత్ భూ వినియోగాన్నీ ఒకే తెరపై, దాదాపు ఒకే రంగులలో చూపుతారు. మొదటిది చట్టం, రెండవది నగరం ముందుముందు ఎలా పెరగాలన్న ఆలోచన. నేను రెండవదాన్ని చూసి, మా ప్లాటులో రెండు ఇళ్లకు అనుమతి ఉందనుకొని, వారం రోజులు నమూనాలు గీసుకున్నాను.

ఆ భ్రమ కౌంటరులో తొలగింది. నలభై నిమిషాలు కూర్చోబెట్టినా, అక్కడి ఉద్యోగిని నా సర్వే నక్షాను బల్లమీద పరచి, స్కేలు పెట్టి, "ఎక్కడి నుంచి కొలిచారండీ?" అని మొదటి ప్రశ్నే సరైనది అడిగారు. రోడ్డు అంచు నుంచి అన్నాను. అంచుకూ మా హద్దుకూ మధ్య తొమ్మిది అడుగులు రోడ్డు స్థలమేనని చూపించి, "గడ్డి మీరు కోస్తున్నారు గాని, స్థలం నగరానిదండీ" అన్నారు. పైగా మాది మూల ప్లాటు కనుక, నేను పక్కభాగం అనుకున్న రెండవ వీధివైపు కూడా నిబంధనల లెక్కలో ముందుభాగమే. డెబ్బై అడుగుల వెడల్పులో చెరొక పక్క అయిదేసి ఖాళీగా వదిలితే అరవై మిగులుతాయని నేను వేసుకున్న లెక్కలో, రోడ్డు తొమ్మిది, వీధివైపు ఇరవై, పొరుగువైపు అయిదు పోగా చివరికి తేలినవి ముప్పై ఆరు. పెరటి చివర మురుగునీటి గొట్టం కోసం వదలవలసిన పది అడుగుల పట్టీలో శాశ్వత కట్టడం పనికిరాదనీ అక్కడే తెలిసింది. ఆ పట్టీ లేఅవుట్ నక్షాలో ఉంది, మ్యాపులో లేదు. ఆస్తి యజమానులకోసమని చెప్పుకొనే సేవలో ఇది చిన్న లోపం కాదు.

పక్కింటి పాత షెడ్డు హద్దుకు రెండడుగులలోనే ఉంది కదా అని అడిగితే, నిబంధనలు రాకముందు చట్టబద్ధంగా కట్టినదాన్ని ఉండనిస్తారు గాని పెంచనివ్వరని ఓపికగా చెప్పారు. సెట్‌బ్యాక్ (హద్దు నుంచి ఖాళీగా వదలవలసిన దూరం) నుంచి మినహాయింపు అడగవచ్చా అన్నదానికి, అందుకు కారణమైన ఇబ్బంది ప్లాటు ఆకారం వల్లో వాలు వల్లో రావాలి తప్ప యజమాని కోరిక వల్ల కాదని సూటిగా చెప్పి, వృథా దరఖాస్తు రుసుము మిగిల్చారు.

అయితే రెండవసారి వెళ్లినప్పుడు వేరొక ఉద్యోగి, పొయ్యి పెడితే అది అనుబంధ కట్టడం కాదు, రెండవ నివాసమే అవుతుందన్నారు. మొదటి ఉద్యోగిని ఆ మాట ఎత్తలేదు. ఒకే కౌంటరులో రెండు మాటలు వినిపించడంతో ధ్రువీకరణ పత్రం కోరాను. మూడు వారాలు పట్టింది. పొయ్యి లేకుంటే మామూలు అనుమతి, ఉంటే బహిరంగ విచారణతో కూడిన ప్రత్యేక అనుమతి అని సెక్షన్ల సంఖ్యలతో సహా రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చారు. అది కట్టడానికి అనుమతి పత్రం కాదు. ఆ తేదీనాటి నిబంధనలకే వర్తిస్తుంది. అయినా గుత్తేదారుతో మాట్లాడడానికి గట్టి ఆధారం దొరికింది.

మ్యాపుకు అయిదింట రెండు, కౌంటరుకు మూడున్నర, పత్రానికి నాలుగున్నర మార్కులు వేస్తాను. వెళ్లేవారు సర్వే నక్షా, దస్తావేజు నకలు, లేఅవుట్ నక్షా తీసుకొని పొద్దున్నే వెళ్లాలి. మధ్యాహ్నం ఒంటిగంటకే కౌంటరు మూసేస్తారు.