కర్నూలులో 'బంగ్లా టేకు' బీరువా కొనేవాళ్లు ముందు వెనక్కి తిప్పి చూడండి

నిన్న పొద్దున 14,000 తగలేశాను. వన్‌టౌన్ వైపు పాత సామాన్ల షెడ్డు, ఫేస్‌బుక్‌లో 'బంగ్లా టేకు' అని రోజూ ఫొటోలు పెడతాడు చూడండి, ఆయనే. పేరు రాయను, ఒకసారి వెళ్లినవాళ్లకు తెలిసిపోతుంది.

"1953లో కర్నూలు రాజధానిగా ఉన్నప్పటి సామాను సార్, మంత్రిగారి బంగ్లాలోది. ఇట్లాంటి పని ఇప్పుడెవురు చేస్తారు?" అన్నాడు. మూడేళ్లున్న రాజధాని తాలూకు బీరువాలు ఆయన ఒక్కడి షెడ్డులోనే ఆరున్నాయి. అప్పుడైనా అనుమానం రావాలి కదా నాకు! ఇత్తడి పిడులు చూసి ఫోన్‌పే కొట్టేశాను.

దుప్పటి చుట్టి ఆటోలో పంపించాడు. గడప దాటించడానికి పక్కకు తిప్పితే వెనక పలక ప్లైవుడ్డు. దాని మీద నీలం సిరా ముద్ర: ఐఎస్ఓ 9001:2015. మంత్రిగారికి ఎంత ముందుచూపో! సొరుగు లాగి చూస్తే మూలల్లో పిన్నులు, ఫెవికాల్. అడుగున గోరుతో గీకితే టేకు పొర లేచింది, లోపలంతా రంపపు పొట్టు బోర్డు. తలుపులొక్కటే నిజం టేకు. ఎవరింటివో పాత తలుపులకు కొత్త డబ్బా తగిలించాడు.

సాయంత్రం వెళ్లి ఫొటో చూపించాను. కనీసం ఫోను చేతిలోకి తీసుకోలేదు. టీ ఊదుకుంటూ "బీరువా వెనక ఎవురు చూస్తారప్పా? గోడకు ఆనించుకో" అన్నాడు. పొద్దున సార్‌ని, సాయంత్రానికి అప్పానయ్యాను. చేసిందెవరో చెప్పమంటే "1953లో చేసినోన్ని యాడనుంచి తెచ్చేది?" అని పక్కవాళ్లతో కలిసి నవ్వాడు. ఆ నవ్వే మింగుడు పడటం లేదు, డబ్బు కాదు. సరే, డబ్బు కూడా.

మన వీధి ఆచారిని తీసుకుపోరా అని నాన్న చెప్తూనే ఉన్నాడు. ఆయనకు 500 ఇవ్వడానికి లెక్క చూసుకున్న మహానుభావుణ్ని నేను.

వెళ్లేవాళ్లు సొరుగు పూర్తిగా బయటికి లాగి మూల చూడండి. మంచి వడ్రంగి పనైతే రెండు చేతుల వేళ్లు కలిపినట్టు చెక్కలోకి చెక్క దిగి ఉంటుంది. రిపేరుకు ఒకటో రెండో ప్లస్ స్క్రూలుంటే సరే, అన్నీ అవే అయితే రాజధాని కథ వినకుండా వచ్చేయండి. బిల్లులో టేకు అని రాయించుకోండి. నాకిచ్చిన చీటీలో ఉన్నది 'బీరువా 1' అంతే.

ఇవాళ ఆచారి వచ్చి చూశాడు. తలుపులు ఊడదీసి వాటికి వేరే బీరువా కడతాడట. కూలి 9,000.