బూడిద ఇటుకల ఇంట్లో తొమ్మిదేళ్లు

2016లో రాజాంలో ఇల్లు మొదలెట్టినప్పుడు మాది శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. గోడలు మాత్రం అవే, ఫ్లైయాష్ ఇటుకలవి, అంటే బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదతో చేసినవి. ఇల్లు కట్టబోయే ప్రతివాడూ మా గుమ్మం ముందు ఆగి "ఎలా ఉన్నాయండీ?" అంటుంటాడు. అందరికీ కలిపి ఒకేసారి చెప్పేస్తున్నా.

మొదటి లోడు దిగగానే మా మేస్త్రి ఒక ఇటుక చేతిలో తిప్పి చూసి, "ఇదేటి బావూ, బొగ్గు బూడిదతోటి కడతావేటి ఇల్లు?" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక బట్టీ ఇటుక తప్ప ముట్టనివాడు. ఆ అలవాటుకొద్దీ వీటినీ డ్రమ్ములో నానబెట్టాడు. ఎర్ర ఇటుక నీళ్లు గబగబా తాగేస్తుంది కాబట్టి నానబెట్టాలి. ఇది అంత తొందరగా తాగదు. తడి ఇటుకలు మాలు మీద జారిపోయి, నాలుగో వరసకే గోడ పొట్టేసింది. విప్పి మళ్లీ కట్టాం. తర్వాతంతా పైన నీళ్లు చిలకరించి పేర్చడమే.

ఈ బూడిద పరవాడ సింహాద్రి థర్మల్ కరెంటు కేంద్రానిది అని ఇటుకలు తయారుచేసి అమ్మే యార్డువాళ్లు చెప్పారు. బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండా ఇటుక చేసే ఫాల్‌-జి పద్ధతి మన విశాఖలోనే పుట్టింది. కాళిదాస్, భానుమతిదాస్ దంపతుల పని అది. బట్టీ ఇటుకకి బలం నిప్పుతో వస్తుంది. దీనికి నీళ్లతో, అదీ నెమ్మదిగా, రెండు మూడు వారాలు తడుపుతూ ఉంటే వస్తుంది. నేను దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే.

మూడో లోడు అర్జెంటుగా కావాలన్నాను. యార్డువాళ్లు వారం కూడా నిండని ఇటుకలు తోలేశారు. తూర్పు గోడకి అవే పడ్డాయి. ఏడాది తిరక్కుండానే కిటికీ మూల నుంచి ఏటవాలుగా గోరు దూరేంత పగులు. పచ్చి ఇటుక గోడలోకి వెళ్లాక ఆరుతూ కుంచించుకుంటే ఇంకేమవుతుంది! 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు వాన ఆ పగుల్లోంచే లోపలికి కారింది. మిగతా మూడు గోడలకి చెమ్మ మరక కూడా లేదు.

అనుమానమొచ్చి, ఆ లోడులో మిగిలిన ఇటుక ఒకటి, మంచి లోడుది ఒకటి వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద తూచాను. కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు, అది వేరే సంగతి. 24 గంటలు బకెట్లో ముంచి మళ్లీ తూస్తే మంచిది 2 కిలోల 900 నుంచి 3 కిలోల 280కి వచ్చింది. పచ్చిది 3 కిలోల నుంచి 3 కిలోల 620కి పోయింది. మామూలు రకం ఫ్లైయాష్ ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీళ్లు పీల్చకూడదని వీటికున్న భారత ప్రమాణం ఐఎస్ 12894 చెబుతుంది. అంటే మూడు కిలోలకి 600 గ్రాములు. ఈ పని కొనకముందు చేసుంటే పగులు పూడ్చి, ఇనప జాలీ (మెష్) కొట్టి, మళ్లీ ప్లాస్టరింగ్ చేయించే ఖర్చు తప్పేది.

కలిసొచ్చినవీ ఉన్నాయి. ఇటుకలన్నీ ఒకే సైజు, అంచులు కోసినట్టుంటాయి. అందుకని ప్లాస్టరింగ్ పల్చగా సరిపోయింది, సిమెంటు బస్తాలు మిగిలాయి. లోడులో విరిగినవి కూడా తక్కువే. మేకు కొట్టడం మాత్రం మర్చిపోండి. గోడగడియారం కోసం మూడు మేకులు వంచాక మా ఆవిడ పక్కింటి డ్రిల్లింగ్ మిషను తెప్పించింది. వేడి సంగతా? అందరూ భయపెట్టారు. మే నెలలో మా ఇల్లూ కాలుతుంది, ఎదురుగా ఉన్న ఎర్ర ఇటుకల ఇల్లూ కాలుతుంది. ఆ వేడి శ్లాబుది, గోడది కాదు.

వరండాలో పరిచినవి టెక్కలి వైపు పాలిషింగ్ యూనిట్లలో తీసి పారేసే గ్రానైట్ ముక్కలు. రంగులు కలవవు గానీ తొమ్మిదేళ్లలో ఒక్కటీ లేవలేదు.

ఇప్పుడు మేడ మీద గది వేద్దామని మొన్న వేరే యార్డుకి వెళ్లాను. "రేపే తోలేస్తాం సార్" అన్నారు. దొంతర మధ్యలోంచి ఒకటి లాగి స్కూటర్ తాళంచెవితో గీశాను. పొడి రాలింది, ఇంకా పచ్చిదే. నెల ఆగి వస్తానని చెప్పి బండి స్టార్ట్ చేశాను.