మైలాపూరు గానుగ కొట్టులో పొన్న నూనె: నాలుగు నెలలు వాడిన తర్వాత

మైలాపూరు కపాలీశ్వరాలయానికి కూతవేటు దూరంలో, మాడవీధి నుంచి చీలిన ఒక సందులో, మూడు తరాలుగా నడుస్తున్న చిన్న గానుగ కొట్టు ఉంది. నువ్వుల నూనె, కొబ్బరి నూనె, ఆముదం కొనడానికి వచ్చేవారే అక్కడ ఎక్కువ. నేను మాత్రం కిందటి కార్తీకమాసానికి ముందు పొన్న నూనె కోసం ఆ మెట్లెక్కాను. పావు లీటరు సీసా 180 రూపాయలకు ఇచ్చారు. రెండు సీసాలు పూర్తిగా వాడి, ఈ వారమే మూడోది తెచ్చుకున్నాను. చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్ళలో ఈ నూనె పేరు విన్నవాళ్ళు తక్కువ. విన్నవాళ్ళకు కూడా అసలైనది ఏదో, దేనికి వాడాలో, దేనికి వాడకూడదో చెప్పేవారు లేరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా పేరు సంగతి. మనలో చాలామంది పున్నాగ అనగానే పొడవాటి కాడతో తెల్లగా రాలే ఆకాశమల్లె పూలను తలచుకుంటారు. అది వేరే చెట్టు, దానికీ ఈ నూనెకూ సంబంధం లేదు. సురపొన్న మరొకటి, నాగకేసరం ఇంకొకటి. ఇక్కడ చెబుతున్నది తమిళులు పున్నై అనీ, సంస్కృతంలో పున్నాగమనీ పిలిచే సముద్రతీరపు సతతహరిత వృక్షం. దీనికి శాస్త్రీయనామం కాలోఫిల్లం ఇనోఫిల్లం. గ్రీకులో కాలోఫిల్లం అంటే అందమైన ఆకు అని అర్థం. ఆ చెట్టు కింద ఒక్కసారి నిలబడితే పేరు ఎందుకలా పెట్టారో తెలుస్తుంది. ఆకు దళసరిగా, ముదురాకుపచ్చగా, ఇప్పుడే నూనె రాసి తుడిచినట్టు మెరుస్తుంది. నడిమి ఈనెకు రెండు పక్కలా సన్నని ఈనెలు దువ్వెనతో గీసినట్టు ఒకదాని పక్కన ఒకటి సాగిపోతాయి. తెల్లని రేకుల మధ్య పసుప్పచ్చని కేసరాల గుత్తి ఉన్న పువ్వుకు మంచి సువాసన. కాయ గుండ్రంగా, గోళీకాయ కంటే పెద్దదిగా ఉంటుంది. లోపల గట్టి పెంకు, ఆ పెంకులో ఒకే గింజ. ఆ గింజ ఉప్పునీటిలో తేలుతూ పోయి వేరే ఒడ్డున మొలవగలదు కనుకనే ఆఫ్రికా తూర్పుతీరం మొదలు మన కోస్తా మీదుగా పసిఫిక్ దీవుల దాకా ఈ చెట్టు పరుచుకుంది. తహితీ దీవిలో దీన్నే తమాను అంటారు. ఇప్పుడు అంగళ్ళలో బొటనవేలంత సీసాల్లో తమాను ఆయిల్ పేరుతో ఖరీదుగా అమ్ముతున్నది ఈ చెట్టు గింజల నూనెనే.

కపాలీశ్వరాలయానికి పొన్నే స్థలవృక్షం. పార్వతీదేవి నెమలి రూపంలో పొన్నచెట్టు కింద శివుణ్ణి పూజించిందని స్థలపురాణం. తమిళంలో నెమలిని మయిల్ అంటారు కాబట్టి ఊరు మయిలై అయింది. ఇప్పుడున్న గుడికీ సముద్రానికీ మధ్య కొంత దూరం ఉన్నా, పూర్వాలయం తీరంలోనే ఉండేదని చరిత్రకారులు చెబుతారు. 7వ శతాబ్దంలో శైవ భక్తకవి తిరుజ్ఞాన సంబంధర్ మైలాపూరు మీద పాడిన పదికం, అంటే భక్తిపద్యాల మాల, పొన్నతోపులున్న తీరాన్ని తలచుకుంటూనే మొదలవుతుంది. తీరంలో పెరిగే చెట్టు ఆ గుడి ప్రాకారంలో ఎందుకుందన్న ప్రశ్నకు నాకు అందులోనే సమాధానం దొరికింది. మన వైపు ఈ చెట్టు కృష్ణుడిది. భాగవతం మూలంలో ఆయన గోపికల చీరలతో ఎక్కింది నీపం, అంటే కడిమి చెట్టు. కాని మన ఊళ్ళ పటాల్లో, గుళ్ళలో అది పొన్నచెట్టుగానే స్థిరపడింది. బ్రహ్మోత్సవాల్లో పొన్న వాహనం చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. మా అమ్మమ్మ ఊరు నెల్లూరు తీరంలో ఉంది. అక్కడ పిల్లలం పొన్నగింజలతో గోళీలాడాము కాని, దాని నూనెతో దీపం పెట్టడం నేను చూడలేదు. అమ్మమ్మ తన చిన్నతనంలో పెట్టేవారని మాత్రం చెప్పేది. నన్ను ఆ కొట్టుదాకా నడిపించింది ఆ మాటే.

అక్కడికి వెళ్ళేముందు ఒకసారి మోసపోయాను. ఒక ఆన్‌లైన్ అంగడి నుంచి పొన్న నూనె పేరుతో తెప్పించిన సీసాలో నీళ్ళంత పలచగా, లేత పసుపు రంగులో, ఏ వాసనా లేని నూనె వచ్చింది. గానుగలో ఆడించిన పొన్న నూనె అలా ఉండదు. ఈ కొట్టులో పెద్దాయన సీసా తెరిచి నా అరచేతిలో ఒక చుక్క వేసినప్పుడు అది జారలేదు, తేనెలా నిలిచింది. నీడలో నల్లగా కనిపించిన ఆ చుక్కను వాకిటి వెలుగులోకి తీసుకెళ్ళి చూస్తే ముదురాకుపచ్చ. వాసన ఘాటుగా, వేయించిన గింజల వాసనకు ఎండుగడ్డి వాసన తోడైనట్టు ఉంది. మొదట్లో అందరికీ నచ్చే వాసన కాదు. మా పిల్లలు రెండు రోజులు ముక్కు మూసుకున్నారు. అయినా కొనేటప్పుడు మనకు ఉన్న గుర్తులు చిక్కదనం, ఆకుపచ్చ, ఆ వాసన, ఈ మూడే. శుద్ధిచేసి వాసన తీసేసిన నూనె కూడా మార్కెట్లో ఉంటుంది, దాని అవసరం దానికి ఉండవచ్చు; కాని అలా శుద్ధి చేసినట్టు సీసా మీద రాసి అమ్మాలి.

ఆ పెద్దాయనది తరాలుగా తమిళనాడులో స్థిరపడిన కుటుంబం, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. నేను తెలుగులో అడగడం విని, లోపలి నుంచి రెండు పప్పులు తెచ్చి చూపించారు. ఒకటి అప్పుడే పెంకు పగలగొట్టినది, పాలిపోయిన పసుపురంగులో ఉంది. గోటితో గిచ్చినా తడి అంటుకోలేదు. రెండోది వారాల తరబడి ఎండలో ఉన్నది, ఎర్రటి గోధుమరంగుకు తిరిగి, వేలికి జిగటగా అంటుకుంది. "పచ్చి పప్పు ఆడిస్తే నూనె రాదమ్మా, తొందరపడితే గానుగకే చేటు. ఇది మాగాలి," అన్నారాయన. మిగతా గింజల విషయంలో ఎండబెట్టడం తేమ పోవడానికే అనుకుంటాము. పొన్న విషయంలో ఎండుతున్నకొద్దీ పప్పులో నూనె ఊరి పైకి వస్తుంది, రంగూ వాసనా అప్పుడే వస్తాయి. సరిగా ఎండిన పప్పు బరువులో సగానికి పైగా నూనె ఉంటుంది. వానల్లో ఎండ చాలక కొన్ని వారాలు ఆడించలేదని, అందుకే నేను రెండోసారి వెళ్ళినప్పుడు సరుకు లేదని ఆయన చెప్పారు. లేదని చెప్పి తిప్పి పంపిన కొట్టు మీద నాకు నమ్మకం పెరిగింది.

దీపానికి ఎలా ఉంది అన్నది చాలామందికి కావలసిన విషయం. నిఖార్సయిన పొన్న నూనెతో మొదటిరోజు కుంది నింపి, మామూలు పత్తివత్తి వేశాను. వెలగడానికి కొంచెం సమయం తీసుకుంది. వెలిగాక మంట నిదానంగా, కదలకుండా, నువ్వుల నూనె దీపం కంటే ఎర్రగా నిలిచింది. కాని పొగ ఉంది. గంట గడిచేసరికి వత్తి కొసన నల్లని గడ్డ కట్టింది, పూజగూటి పైపలక మీద మసి మచ్చ పడింది. ఈ నూనెలో కొంత భాగం జిగురు పదార్థమే కనుక చిక్కదనమూ పొగా రెండూ దాని నుంచే వస్తాయి. రెండో వారం నుంచి సగం పొన్న, సగం నువ్వుల నూనె కలిపి, వత్తిని కాస్త లావుగా చేసి చూశాను. పొగ చాలావరకు తగ్గింది, రెండు చెంచాల నూనె సాయంత్రం ఆరింటి నుంచి తొమ్మిది దాటేదాకా వచ్చింది. కార్తీకమంతా వాకిట్లో పెట్టిన ప్రమిదల్లో మాత్రం కలపకుండానే పోశాను. ఆరుబయట పొగ సమస్య కాదు, పైగా సముద్రపు గాలికి పక్కింటి దీపాలు కొండెక్కినా ఇవి నిలిచాయి. అపార్ట్‌మెంటులో మూసిన గదిలో వెలిగించేవారు కలిపి వాడండి, వత్తి కొసను రోజూ తుంచండి.

రెండో వాడకం కీళ్ళకు. తీరప్రాంతాల్లో పొన్న నూనెను కీళ్ళనొప్పులకూ, చర్మం మీది పుళ్ళకూ పూయడం తరాల నాటి అలవాటు. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పి ఉంది. ముందు ఆవిడ మోచేతి లోపలివైపు ఒక చుక్క రాసి ఒక రోజంతా చూశాము. దద్దురు గాని దురద గాని రాలేదని తేలాకే మోకాళ్ళకు రాయడం మొదలుపెట్టాము. గోరువెచ్చగా చేసి పది నిమిషాలు మర్దన చేస్తే పొద్దున లేచేటప్పటి బిగుసుదనం తగ్గుతోందని ఆవిడ అంటున్నారు. డాక్టరు ఇచ్చిన మందులు మానలేదు, మానకూడదు కూడా. ఎంత ఉపశమనం నూనెది, ఎంత మర్దనది అని విడదీసి చెప్పే శక్తి నాకు లేదు. వాపు, ఎర్రదనం ఉన్నవారు ముందు వైద్యుణ్ణి చూడాలి. ఒక ఇబ్బంది మాత్రం చెప్పాలి: ఈ నూనె మరక బట్టకు పడితే వదలదు. తెల్లని నేతచీర అంచుకు అంటిన ఆకుపచ్చ మచ్చ మూడు ఉతుకులకూ పోలేదు. పాత తువ్వాలు ఒకటి దీనికే కేటాయించుకోండి.

నేను ఊహించని వాడకం చెక్కది. తీరాల్లో పడవ పలకలకు ఈ నూనె పూసేవారన్న సంగతి తెలిసి, మా టేకు ఉయ్యాలబల్లకూ వీధిగడపకూ గుడ్డతో పలచగా రాశాను. పొన్నకూ పడవకూ బంధం పాతదే. తీరపు పొన్న తిన్నగా పెరగదు, నీళ్ళవైపు ఒరుగుతుంది. ఆ వంపు చెక్కే పడవల లోపలి వంపులకు పనికొచ్చేది. తెల్లవాళ్ళు పూన్ అని పిలిచి ఓడల స్తంభాలకు వాడుకున్న నిటారు మాను మాత్రం ఎక్కువగా పడమటి కనుమల్లో పెరిగే దీని బంధువులది. ఉయ్యాలబల్ల విషయానికొస్తే, నూనె ఆరడానికి రెండు రోజులకు పైగా పట్టింది, ఈలోగా దుమ్ము అంటుకుంది. ఆరిన తర్వాత చెక్క రంగు ముదిరి, ఎన్నడూ లేనంత నునుపు తేలింది. డిసెంబరు వానజల్లు పడినా గడప మీద నీళ్ళు ముత్యాల్లా నిలిచి జారిపోయాయి. లోతుగా పీల్చుకునేలా పలచగా రెండుసార్లు రాయాలి. ఒకేసారి ఎక్కువ పోస్తే జిగటగా మిగిలిపోతుంది. కత్తిపీటకు, చపాతీ పీటకు, వంటింట్లో తిండి తగిలే ఏ చెక్కకూ రాయకండి.

ఎందుకంటే పొన్న నూనె తినేది కాదు. ఈ కొట్టు మీద నా ప్రధానమైన ఫిర్యాదు ఇక్కడే. నేను కొన్న మొదటి రెండు సీసాలూ నువ్వుల నూనె పోసే సీసాలే. మూత కూడా అదే పసుపు మూత. చీటీ మీద తమిళంలో నూనె పేరు తప్ప ఆడించిన తేదీ లేదు, తినకూడదన్న హెచ్చరిక లేదు. తమిళం చదవడం రానివారు, కళ్ళు మసకబారిన పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో ఇది చిన్న పొరపాటు కాదు. మా ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి ఒకరోజు పోపుకు ఆ సీసానే అందుకుంది. వాసన ఆపింది కాబట్టి సరిపోయింది. ఈ సంగతి పెద్దాయనకు చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు, అడ్డం వాదించలేదు, "నిజమేనమ్మా, మాకు అలవాటైపోయి తట్టలేదు," అన్నారు. ఈ వారం తెచ్చిన మూడో సీసాకు ఎర్ర చీటీ మీద తమిళంలో, తెలుగులో వంటకు కాదని రాసి అంటించారు. తేదీ ఇంకా వేయడం లేదు. మూత దగ్గర కారడం కూడా ఇంకా తగ్గలేదు, సంచిలో నిలబెట్టి తెచ్చుకోవాలి.

నూనె తీయగా మిగిలిన పొన్న పిండిని కూడా అక్కడ అమ్ముతారు, మొక్కలకు ఎరువు. నేను మిద్దె మీది మల్లెకూ కరివేపాకుకూ గుప్పెడేసి వేసి రెండు నెలలే అయింది కాబట్టి దాని గురించి ఇప్పుడే ఏమీ చెప్పను.

వెళ్ళాలనుకునేవారు ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంటలోపు వెళ్ళండి, పెద్దాయన ఆ సమయంలోనే ఉంటారు. సాయంత్రం కూర్చునే కుర్రవాడికి నువ్వుల నూనె ధర తప్ప మిగతావి తెలియవు. మొదటిసారికి పావు లీటరు చాలు. గాజుసీసా మీరే తీసుకెళితే పది రూపాయలు తగ్గించి, మీ ముందే డబ్బాలోంచి పోసి ఇస్తారు. ఆ సీసా మీద ఆ రోజు తేదీ, తినరాదన్న మాట మీ చేతితోనే రాసి అంటించుకోండి.