ఆక్షన్ హౌస్ అడిగే ముందు: ఏ సరుకుకు ఏ అంగడి మేలు?

ఆన్‌లైన్ ఆర్పీజీ (పాత్రను పెంచుకుంటూ ఆడే ఆట) ఏదైనా తీసుకోండి, ఆటగాళ్ళు ఆట కంపెనీకి రాసే సలహాల్లో తరచూ కనిపించేది "ఆక్షన్ హౌస్ పెట్టండి", అంటే ఆటగాళ్ళు వస్తువులు అమ్ముకునే అంగడి కావాలన్న కోరిక. అది ఉన్న ఆటలోనేమో "తీసేయండి, లూట్‌కు (ఆడితే దొరికే వస్తువులకు) విలువ లేకుండా పోయింది" అంటారు. ఇద్దరి మాటా న్యాయమే, కానీ ఇద్దరి మనసులో ఉన్న సరుకు వేరు. ఒకరు పోషన్లు, ఖనిజాలు, రూన్ల గురించి అడుగుతున్నారు. రెండోవారి బాధ కత్తులూ కవచాలూ, అంటే గేర్. గుంటూరు మిర్చి యార్డులో రకం చూసి టిక్కీలకు టిక్కీలు ధర కట్టేస్తారు. అదే పద్ధతిలో సెకండ్‌హ్యాండ్ బండి అమ్మబోతే బేరం కుదరదు. సలహా రాసేవాళ్ళు ముందు ఏ సరుకు గురించి మాట్లాడుతున్నారో చెప్పకపోవడమే ఈ వాదన తెగకపోవడానికి అసలు కారణం.

ఇప్పటివరకు నడిచి చూపిన పద్ధతులు ప్రధానంగా మూడు. కొనే ఆర్డరునూ అమ్మే ఆర్డరునూ ఆటే జతపరిచే ఎక్స్ఛేంజ్. ఒక్కో వస్తువునూ విడిగా లిస్ట్ చేసే ఆక్షన్ హౌస్. అమ్మేవాడూ కొనేవాడూ మాట్లాడుకుని ఎదురెదురుగా నిలబడి చేసే చేతి బేరం. ధరలను ఆట కంపెనీయే బిగించే పద్ధతి నాలుగోది, దాని సంగతి తర్వాత.

ఎక్స్ఛేంజ్‌కు మంచి ఉదాహరణ ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్. ఈ ఆటను అసలు రూన్‌స్కేప్ 2007 ఆగస్టు నాటి కాపీ మీద కట్టారు. దాని ఎక్స్ఛేంజ్ పేరు గ్రాండ్ ఎక్స్ఛేంజ్; అది అసలు ఆటలోకి వచ్చింది 2007 నవంబరులో. అందుకని 2013 ఫిబ్రవరిలో ఓల్డ్ స్కూల్ తెరిచినప్పుడు అది లేదు. ఆటగాళ్ళ ఓటు తర్వాత 2015లో వచ్చింది. ఈ ఆటలో కొత్త ఫీచరు రావాలంటే అప్పట్లో 75 శాతం ఓట్లు పడాలి, 2022 నుంచి 70 శాతం చాలు. చేతి బేరమే అసలు మజా అని వాదించినవాళ్ళు అప్పుడూ ఉన్నారు. అయినా ఆ గీత దాటింది.

పనిచేసే తీరు తేలిక. సభ్యత్వం ఉన్నవాళ్ళకు 8 స్లాట్లు, ఉచితంగా ఆడేవాళ్ళకు 3. వస్తువు, సంఖ్య, ధర పెట్టి వదిలేస్తే సరిపోయే ఆర్డరు దొరకగానే లావాదేవీ జరిగిపోతుంది. ఎదుటివాడెవరో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మీరు 1,000కి కొంటానని పెట్టేసరికి అవతల 950కి అమ్మే ఆర్డరు ముందే ఉంటే మీకు 950కే వస్తుంది. ఒక్కో వస్తువుకు 4 గంటలకు ఇంతే కొనాలన్న పరిమితి ఉంది, సరుకంతా ఒక్కడే ఎత్తేయకుండా. అమ్మకం మీద పన్ను 2021 డిసెంబరులో 1 శాతంతో మొదలై 2025లో 2 శాతానికి చేరింది; ఒక వస్తువు మీద గరిష్ఠంగా 50 లక్షల నాణేలు. ఈ సొమ్ములో కొంతభాగంతో ఆటే మార్కెట్లోంచి వస్తువులు కొని తుడిచేస్తుంది. గేర్ అరిగిపోని ఆటలో ఆ తుడిచివేత లేకపోతే ఏళ్ళు గడిచేకొద్దీ పేరున్న ఆయుధాలన్నీ చవకబారిపోతాయి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఈ ఆటలో ఒక అబిస్సల్ విప్‌కూ (ఒక కొరడా ఆయుధం) ఇంకో అబిస్సల్ విప్‌కూ తేడా లేదు. స్టాట్లు (వస్తువు బలాన్ని చెప్పే అంకెలు) యాదృచ్ఛికంగా పడవు. అంటే గేర్ కూడా మిర్చి టిక్కీ లాంటిదే, అందుకే ఎక్స్ఛేంజ్ అతుకుతుంది. "రూన్‌స్కేప్‌లో ఉందిగా, ఇక్కడా పెట్టండి" అని డయాబ్లో తరహా ఆటలో అడిగేవాళ్ళు ఈ తేడాను దాటేస్తారు. ఆరు లక్షణాలు, ఒక్కోటి ఒక్కో అంకెతో పడే ఉంగరానికి "ఈ వస్తువు ధర ఇంత" అనే మాటే లేదు. జతపరచడానికి రెండో ఉంగరం ఉండదు.

అలాంటి ఆటలో ఆక్షన్ హౌస్ పెడితే ఏమవుతుందో డయాబ్లో 3 చూపించింది. 2012 మే నెలలో ఆటతోపాటే గోల్డ్‌తో (ఆటలోని డబ్బుతో) నడిచే ఆక్షన్ హౌస్ వచ్చింది. నెల తిరక్కుండానే నిజం డబ్బుతో నడిచేదీ తెరిచారు. గోల్డ్ అమ్మకంలో 15 శాతం కోత. రెండూ 2014 మార్చి 18న మూతపడ్డాయి. నిజం డబ్బు వల్లే చెడిందని చాలామంది అంటారు, అది సగం మాటే. గోల్డ్ హౌస్ ఒక్కటే ఉన్నా ఆట అదే దారి పట్టేది.

ఎందుకో లెక్క చూడండి. ఒక డ్రాప్ (రాక్షసుణ్ణి చంపితే రాలే వస్తువు) సగటున 20 బిల్డుల్లో (పాత్రను తీర్చిదిద్దే తీరుల్లో) ఒక్కదానికే పనికొస్తుందనుకుందాం. బేరం లేని ఆటలో 20లో 19 డ్రాప్‌లు వృథా. ఇబ్బందే లేని బేరం ఉంటే ఆ 19కీ ఎక్కడో ఒక యజమాని దొరుకుతాడు. అంటే డ్రాప్ రేటు అలాగే ఉన్నా, వాడుకకు వచ్చే గేర్ 20 రెట్లు. ఆట తొందరగా అయిపోకూడదంటే డెవలపర్ డ్రాప్‌లను పలచన చేయక తప్పదు. పలచన చేశాక రాక్షసుణ్ణి చంపితే వచ్చేది చెత్త, మంచిది కావాలంటే మెనూ తెరవాలి. పైగా ఎవరైనా మంచి కత్తి కొన్నాక పాతది మళ్ళీ హౌస్‌కే వస్తుంది. మధ్యరకం గేర్ ధర నేలకంటుకుంటుంది, పైరకం మామూలువాడికి అందదు. మూసివేతకు కాస్త ముందు వచ్చిన లూట్ 2.0 మార్పుల్లో డ్రాప్‌లు మీ పాత్ర తరగతికి తగ్గట్టు పడేలా చేశారు. విలువైన గేర్‌ను, ఇంకొకరికి అమ్మే వీల్లేకుండా, ఖాతాకే కట్టేశారు.

మరి చేతి బేరం? పాత్ ఆఫ్ ఎగ్జైల్ ఏళ్ళ తరబడి దాన్నే నమ్ముకుంది. అక్కడ డబ్బుగా చెల్లేవి ఆర్బ్‌లనే వస్తువులే. ప్రీమియం స్టాష్ ట్యాబ్‌లో (డబ్బు పెట్టి కొనే సామాన్ల పెట్టెలో) ధర రాసి పెడితే వెబ్‌సైట్లో కనబడుతుంది. కొనేవాడు విస్పర్ (ఆటలోనే ప్రైవేటు సందేశం) పంపాలి. అమ్మేవాడు పార్టీకి పిలవాలి. వాడి హైడౌట్‌కు (సొంత స్థావరానికి) వెళ్ళి ట్రేడ్ విండోలో ఆర్బ్‌లు పెట్టి, ఎదుటివాడు పెట్టిన ప్రతి వస్తువు మీదా మౌస్ ఆనించి చూశాకే ఒప్పుకోవాలి. ఆ చివరి నియమం మోసాల కోసం: ఒకసారి సరైన వస్తువు చూపించి, ఏదో వంకతో విండో మూసి, రెండోసారి దాన్నే పోలిన నాసిరకం పెట్టేవాళ్ళుంటారు.

ఈ కష్టమంతా కావాలనే పెట్టిందని కంపెనీ 2017లోనే వివరంగా రాసింది. బేరం సులువైతే డ్రాప్‌లు తగ్గించాల్సి వస్తుందన్నదే వాళ్ళ వాదన, పైన చెప్పిన లెక్కే. ఆ వాదన గేర్ విషయంలో నిలబడుతుంది. కానీ 200 కేయాస్ ఆర్బ్‌లను వేరే ఆర్బ్‌లుగా మార్చుకోవడానికి పది మందికి విస్పర్లు పంపి, ఎనిమిది మంది పలక్కపోవడాన్ని ఆ వాదన సమర్థించలేదు. ఇద్దరూ ఒకే సమయానికి ఆన్‌లైన్లో ఉండాలన్న షరతు దూరాల్లో ఉన్నవాళ్ళను మరీ చంపుతుంది: హైదరాబాద్‌లో రాత్రి 10 గంటలకు ఆట మొదలయ్యే వేళ న్యూజెర్సీలో ఎండాకాలం మధ్యాహ్నం 12.30, అమ్మేవాడు ఆఫీసులో ఉంటాడు.

ఇంకో జబ్బు దొంగ లిస్టింగ్. 50 పలికే వస్తువును 10కి అని నలుగురు కలిసి లిస్ట్ చేస్తారు, ఎవరు విస్పర్ పంపినా పలకరు. ధర చూసుకోవడానికి వచ్చిన కొత్తవాడు "ఓహో, 10 అన్నమాట" అని తనదీ 10కి పెడతాడు, క్షణంలో ఎత్తుకుపోతారు. లిస్ట్ చేసిన ధరకు అమ్మి తీరాలన్న కట్టుబాటు లేనిచోట దీనికి మందు లేదు.

చివరికి ఆ కంపెనీయే సరుకును రెండుగా విడగొట్టింది. 2024 జులైలో వచ్చిన సెట్లర్స్ ఆఫ్ కల్గూర్ లీగ్‌లో (ఆటలో కొత్త సీజన్) ఆర్బ్‌ల లాంటి కరెన్సీకి ఎక్స్ఛేంజ్ పెట్టారు: ఆర్డరు పెట్టి వదిలేయడమే. రుసుము మాత్రం గోల్డ్‌లో. ఆ గోల్డ్ ఆడితేనే వస్తుంది, ఒకరి నుంచి ఇంకొకరికి పోదు. గేర్‌కు వేరే దారి: పాత్ ఆఫ్ ఎగ్జైల్ 2లో 2025 ఆగస్టు చివర్లో మర్చంట్ ట్యాబ్‌లు వచ్చాయి. అమ్మేవాడు ఆఫ్‌లైన్లో ఉన్నా, కొనేవాడు వాడి హైడౌట్‌కు వెళ్ళి అంగడి నడిపే పాత్ర దగ్గర రాసిన ధరకే కొనుక్కోవచ్చు. ఇక్కడా గోల్డ్ రుసుము ఉంది. దొంగ లిస్టింగ్‌కు దీంతో నడుం విరుగుతుంది, 10 అని రాస్తే 10కే పోతుంది కాబట్టి.

చేతులు మారని గోల్డ్‌తో రుసుము కట్టించడం ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే తెలివైన పనిగా కనిపిస్తుంది. శాతం పన్ను బాట్‌ను (మనిషి బదులు ఆడే ప్రోగ్రాంను) ఆపలేదు, అది లాభంలోంచి కట్టేస్తుంది. ఆడితేనే వచ్చే రుసుమైతే ఆడకుండా బజారులోనే కూర్చునే ఖాతాకు ఇంధనం దొరకదు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ కూడా వేరే దారిన ఇక్కడికే చేరింది. 2020 జనవరి 8.3 ప్యాచ్‌లో ముడిసరుకులన్నీ ఒకే వరసలో కలిసిపోయాయి. 137 మూలికలు కావాలంటే అంకె కొడితే చాలు, అతి తక్కువ ధర నుంచి తీసిస్తుంది. ఒక్క కాపర్ (ఆటలో అతి చిన్న నాణెం) తగ్గించి లిస్ట్ చేసే ఆటలు పోవాలని ధరల్లో కాపర్‌నే తీసేశారు. 2022 ఆగస్టు నుంచి ఆ ముడిసరుకులు రీజియన్‌లోని సర్వర్లన్నిటికీ ఉమ్మడి. గేర్‌ను మాత్రం అలా కలపలేదు. ఒక లోపం మిగిలింది: ఒకే ధర దగ్గర తర్వాత పెట్టినవాడి సరుకు ముందు పోతుంది. దాంతో రద్దు చేయడం, మళ్ళీ పెట్టడం, ఇదే పనిగా మారింది.

బ్లాక్ డెజర్ట్ నాలుగో దారి. ధరకు పై గీతా కింది గీతా కంపెనీయే గీస్తుంది. అమ్మేవాడికి దక్కేది 65 శాతం, డబ్బు పెట్టి కొనే వాల్యూ ప్యాక్ ఉంటే 84.5. బయట డబ్బు పుచ్చుకుని ఆటలో చవగ్గా అందించే దందాకు ఇది గట్టి తాళం, నిజమే. కానీ గిరాకీ ఉన్న వస్తువు పై గీతకు కొట్టుకుని ఆగిపోతే, ఆ ధరకు అమ్మడానికి ఎవరూ రారు, ముందస్తు ఆర్డర్ల క్యూ మాత్రం పెరుగుతుంది. నేనైతే దీన్ని సిఫారసు చేయను.

పన్ను ఎంత ఉండాలని సలహా ఇచ్చేవాళ్ళు ఈ లెక్క వేసుకోవాలి. 1,00,000కి కొన్నది నష్టం లేకుండా తిరిగి అమ్మాలంటే 2 శాతం పన్నుకు సుమారు 1,02,041 చాలు. 15 శాతమైతే 1,17,647. 65 శాతమే చేతికొచ్చే చోట 1,53,846. ముడిసరుకు బజారులో ఫ్లిప్పర్ (చవగ్గా కొని లాభానికి తిరిగి అమ్మేవాడు) ఉండటం మంచిదే, అర్ధరాత్రి కూడా కొనేవాడు దొరుకుతాడు. కాబట్టి అక్కడ పన్ను 2 శాతం దాటకూడదు. అరిగిపోని గేర్‌కు తిరిగి అమ్మకం ఖరీదైతేనే మేలు.

ఇవన్నీ కలిపితే, యాదృచ్ఛిక స్టాట్లున్న ఆటకు సలహా ఇలా రాయాలి. వాడితే అయిపోయేవీ ఒకదానికొకటి తేడా లేనివీ ఎక్స్ఛేంజ్‌కు: అన్ని సర్వర్లకూ ఉమ్మడి, పేర్లు కనబడకూడదు, 2 శాతం పన్ను, 4 గంటల కొనుగోలు పరిమితి, ఒకే ధర దగ్గర ముందు పెట్టినవాడికే ముందు. గేర్ అంగట్లోకి: రాసిన ధరకు తప్పనిసరి అమ్మకం, అమ్మేవాడు లేకపోయినా సాగాలి, కొనేవాడు చేతులు మారని గోల్డ్‌లో రుసుము కట్టాలి, కొన్న గేర్ కొన్నవాడి ఖాతాకే అతుక్కోవాలి. చివరి షరతుకు ఎదురుదెబ్బ వస్తుంది, "తప్పు కొంటే నా గతి?" అంటారు. ఒక గంటలోపు వాపసు అంటే ఫ్లిప్పర్లకు దారి తెరిచినట్టే. కొనే ముందు బొమ్మ మీద తొడిగి స్టాట్లు చూసే వీలిస్తే చాలు. బేరమే వద్దనేవాళ్ళకు బజారు మూయనక్కర్లేదు: ఓల్డ్ స్కూల్ 2014లో తెచ్చిన, ఎవరితోనూ బేరం చేయలేని ఐరన్‌మ్యాన్ లాంటి విడి మోడ్ అడగండి. స్టాట్లు మారని ఆటైతే గేర్ కూడా ఎక్స్ఛేంజ్‌కే పోవచ్చు, కానీ కొని తుడిచేసే ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

పరీక్షల సంగతీ సలహాలోనే రాయండి. 2013 మేలో డయాబ్లో 3 1.0.8 ప్యాచ్, నిజం డబ్బు హౌస్‌లో ఒక్కో లిస్టింగ్‌లో పెట్టగలిగే గోల్డ్‌ను 10 లక్షల నుంచి కోటికి పెంచింది. పెద్ద లిస్టింగ్‌లు పెట్టి రద్దు చేస్తే పెట్టినదానికంటే ఎక్కువ గోల్డ్ తిరిగొచ్చింది. హౌస్‌లు ఆపేయాల్సి వచ్చింది. కాబట్టి టెస్ట్ సర్వర్లో చూడాల్సినవి: గరిష్ఠ సంఖ్యతో పెట్టి రద్దు చేయడం, సగం అమ్ముడయ్యాక రద్దు చేయడం, అమ్మకం జరిగే క్షణంలోనే రద్దు నొక్కడం, డబ్బు పెట్టె నిండి ఉన్నప్పుడు సొమ్ము రావడం, సర్వర్ పడిపోయి లేచాక ఆర్డర్ల వరస అలాగే ఉందా లేదా.