మా ఊరి సి.డబ్ల్యు.ఏ. హాలు: స్కోన్లు, పుస్తకాల బల్ల, చిల్లర డబ్బా

ఆస్ట్రేలియాలో సిడ్నీకి దూరంగా, న్యూ సౌత్ వేల్స్ లోపలి ఊళ్లకు ఉద్యోగాల మీద వచ్చే తెలుగు కుటుంబాలు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నాయి. ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ నేనూ అలాగే వచ్చాను. కొత్తగా వచ్చినవాళ్లు, ముఖ్యంగా బడికెళ్లే పిల్లలున్నవాళ్లు, ఇక్కడ ఏం బాగుంటుందని అడిగితే కంట్రీ విమెన్స్ అసోసియేషన్ (పల్లె మహిళల సంఘం) హాలుకు వెళ్లమని చెబుతాను. అందరూ సి.డబ్ల్యు.ఏ. అనే అంటారు. మా ఊరి శాఖవాళ్లు నెలలో మొదటి, మూడో శనివారాల్లో ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు అక్కడ టీ, స్కోన్లు అమ్ముతారు. ఆ పక్కనే పిల్లల పుస్తకాల బల్ల ఉంటుంది. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ బల్ల గురించే అయినా, ముందు తిండి సంగతి చెబుతాను.

స్కోన్ అంటే బేకింగ్ పౌడర్ కలిపిన మైదా, పాలు, కొద్దిగా వెన్న కలిపి ఓవెన్‌లో కాల్చిన చిన్న గుండ్రటి రొట్టె. సి.డబ్ల్యు.ఏ. ఆడవాళ్లకు ఇది పరువుకు సంబంధించిన విషయం. స్కోన్ల పోటీల్లో పైన పొడి పిండి అంటుకుని ఉన్నా మార్కులు తగ్గుతాయి. పిండిని చపాతీ పిండిలా మర్దించకూడదు, గట్టిపడిపోతుంది. చేతివేళ్లతో కలిపీ కలపనట్టు కలిపి, ముక్కలను పళ్లెంలో ఒకదానికొకటి ఆనేలా పేర్చాలి. అప్పుడే పక్కలకు పరుచుకోకుండా పైకి పొంగుతాయి. తినేటప్పుడు చాకు వాడకండి. బాగా కుదిరిన స్కోన్‌ను రెండు చేతులా పట్టుకుని తిప్పితే నడుం దగ్గర తనంతట తానే విడిపోతుంది, లోపలి నుంచి ఆవిరి వస్తుంది. దాని మీద స్ట్రాబెర్రీ జామ్, చిలికిన మీగడ. రెండు స్కోన్లు, టీ కలిపి 8 డాలర్లు. ఆ రుచికి ఇది చాలా తక్కువ ధర.

కొందరు మామూలు స్కోన్లలో గుడ్డు కూడా వేస్తారు కాబట్టి, గుడ్డు తినని వాళ్లు లెమనేడ్ స్కోన్లు ఉన్నాయేమో అడగండి. బేకింగ్ పౌడర్ కలిపిన మైదా, మీగడ, లెమనేడ్ (ఇక్కడ అలా పిలిచేది గ్యాసున్న నిమ్మ కూల్‌డ్రింకును)తోనే అవి తయారవుతాయి. జుకినీ స్లైస్ మాత్రం పేరు చూసి తీసుకోకండి. కూరగాయ పేరే ఉన్నా అందులో గుడ్లుంటాయి, చాలాసార్లు బేకన్ ముక్కలు కూడా. చాక్లెట్‌లో ముంచి కొబ్బరి అద్దిన కేకు ముక్కలైన లామింగ్టన్‌లలోనూ గుడ్డు ఉంటుంది. టీ ఊలు తొడుగు వేసిన టీపాట్‌లో వస్తుంది, చల్లటి పాలు విడిగా ఇస్తారు. మరిగించిన మన టీ అలవాటైన నాలుకకు పలచగా అనిపిస్తుంది కానీ, స్కోన్‌తో అదే సరిపోతుంది.

ఇక పుస్తకాల బల్ల. కిటికీ పక్కన పాత భోజనాల బల్ల మీద బొమ్మల పుస్తకాలు, కొంచెం పెద్ద పిల్లల కథలు పేర్చి ఉంటాయి. ఎవరైనా తీసుకెళ్లవచ్చు. పేరు రాయనక్కర్లేదు, గడువు లేదు. ఈ రాష్ట్రంలో బడి పిల్లలకు ప్రీమియర్స్ రీడింగ్ ఛాలెంజ్ (ప్రీమియర్ అంటే ఇక్కడి ముఖ్యమంత్రి) అని ఒకటుంది. 2వ తరగతి వరకు 30 పుస్తకాలు, ఆ పై తరగతులవాళ్లు 20 పుస్తకాలు చదివితే ధ్రువపత్రం ఇస్తారు. ఆ ఛాలెంజ్ జాబితాలో ఉన్న పుస్తకాలకు హాలు వాళ్లు వెన్ను మీద రంగు చుక్క అతికించి ఉంచుతారు, తల్లులకు వెతుకులాట తప్పుతుంది. ఆగస్టులో పుస్తకాల వారం వచ్చేసరికి బడి పిల్లలంతా కథల్లోని పాత్రల వేషాలు వేసుకుంటారు. ఈ పుస్తకాల వారం 1945 నుంచీ ఈ దేశంలో ఉంది. కుట్టు మిషను లేని ఇళ్ల పిల్లలకు ఈ హాలులోనే టోపీలు, రెక్కలు, తోకలు కుట్టిపెడతారు.

వీటన్నిటికంటే నాకు నచ్చింది ఆ బల్ల పక్క కుర్చీ. ఒక పెద్దావిడ అందులో అల్లిక పని చేసుకుంటూ కూర్చుంటారు. ఏ పిల్లయినా వెళ్లి ఆవిడకు చదివి వినిపించవచ్చు. మా అమ్మాయి ఒకసారి ఒక పొడుగాటి మాట దగ్గర ఆగిపోయింది. పక్కనున్న పెద్దలెవరైనా ఆ మాట వెంటనే అందించేస్తారు. ఆవిడ అందించలేదు. సూదులు కదులుతూనే ఉన్నాయి, ముఖంలో తొందర లేదు. పిల్ల బొమ్మ వైపు చూసింది, వాక్యం మొదటికి వెళ్లింది, మళ్లీ చదివింది, ఈసారి ఆ మాట దాటింది. అప్పుడు ఆవిడ అడిగింది ఒక్కటే: “తర్వాత ఏమైంది?” డబ్బులు తీసుకుని ఇంగ్లీషు చదవడం నేర్పే చోట్లు నాకు తెలుసు. ఇంత ఓపికగా వినే మనిషి అక్కడ దొరకడం కష్టం.

ఒకటి మాత్రం చెప్పాలి. బల్ల మీద మన పిల్లల ముఖాలున్న పుస్తకాలు తక్కువ. అడిగితే సంతోషంగా తీసుకుంటారు. చెన్నైలోని తూలిక ప్రచురణ సంస్థ వాళ్ల తెలుగు–ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు కొన్ని నేనిచ్చాను, అవి బల్ల మీద నిలవడం లేదు.

సి.డబ్ల్యు.ఏ. ఈ రాష్ట్రంలో 1922లో పుట్టింది. గ్రేస్ మన్రో తొలి అధ్యక్షురాలు. పొలాల నుంచి మైళ్ల దూరం ప్రయాణించి ఊళ్లోకి వచ్చిన తల్లికి చంటిబిడ్డతో కాసేపు కూర్చునే చోటు కూడా లేని రోజులవి. అందుకే విశ్రాంతి గదులు, శిశు ఆరోగ్య కేంద్రాలు పెట్టించారు. ప్రపంచంలోని ఇలాంటి పల్లె మహిళా సంఘాలన్నిటినీ కలిపే సంస్థ 1933లో స్టాక్‌హోమ్‌లో ఏర్పడింది. కెనడాకు చెందిన మ్యాడ్జ్ వాట్ దానికి మొదటి అధ్యక్షురాలు. ‘పెన్నీస్ ఫర్ ఫ్రెండ్‌షిప్’ పేరుతో సభ్యులు వేసే చిల్లర ఆ సంస్థకు చేరి, అక్కడి నుంచి వేర్వేరు దేశాల పల్లె ఆడవాళ్ల సంఘాల పనులకు వెళుతుంది. ఆ డబ్బా మా హాలులో కౌంటరు మీదే ఉంటుంది. ఆ సంస్థ ప్రపంచ మహాసభ 2013లో చెన్నైలో, 2019లో మెల్‌బోర్న్‌లో జరిగింది. ఆ చెన్నై సభ మా నెల్లూరికి మూడు గంటల దూరంలోనే జరిగిందని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

మా అమ్మ నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘానికి చాలాకాలం లెక్కలు రాసిన మనిషి. అక్షరాస్యత తరగతుల్లో చదువు నేర్చుకున్న దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడడం, రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగడం, 1993 అక్టోబర్ 1న సారా నిషేధం రావడం, ఆ తర్వాత రోజుకొక రూపాయి చొప్పున పొదుపు మొదలవడం, అన్నీ ఆవిడ కళ్ల ముందు జరిగినవే. మమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడు ఈ హాలుకు తీసుకెళ్తే, చిల్లర డబ్బా చూడగానే “దీని లెక్క ఎవరు రాస్తారమ్మా?” అని అడిగింది. నేను ఇంగ్లీషులో చెప్పాను. కోశాధికారి మరేమీ అనకుండా లోపలికెళ్లి పుస్తకం తెచ్చి అమ్మ ముందు తెరిచింది. అమ్మకు ఇంగ్లీషు రాదు. వేలితో అంకెల వరుస పట్టుకుని పేజీ చివరికి దిగింది, మొత్తం దగ్గర ఆగింది, వెనక పేజీ తిప్పి నిల్వ సరిచూసింది, తల ఊపింది. ఇద్దరూ చెరో కుర్చీ లాక్కుని స్కోన్లు చల్లారిపోయేదాకా ఆ పుస్తకం మీదే ఉన్నారు. బయటివాళ్లు అడిగినా సందేహించకుండా లెక్క చూపించే సంఘానికి నా డబ్బు నిశ్చింతగా ఇస్తాను.

ఏడాదికొక దేశాన్ని ఎంచుకుని దాని గురించి చదవడం కూడా వీళ్ల పద్ధతి. బడి పిల్లలు ఆ దేశం మీద అట్టలపై బొమ్మలు, వివరాలు రాసి తెస్తారు. మీ పిల్లల బడి పాల్గొంటోందేమో కనుక్కోండి.

వెళ్లేటప్పుడు నోట్లు, చిల్లర దగ్గర పెట్టుకోండి. జనవరి సెలవుల్లో మూసి ఉంటుంది. గుమ్మడికాయ స్కోన్లు చలికాలంలోనే చేస్తారు, పదిన్నరలోపు వెళితే దొరుకుతాయి. మీ పిల్లలు చదివేసిన పుస్తకాలుంటే వెంట తీసుకెళ్లండి, చిరిగిన పేజీలు అతికించే పని వాళ్లే చూసుకుంటారు.