రావెల్రీలో నేను ముందు చదివేది నోట్సే

క్రోషే (ఒకే కొక్కెం సూదితో, అంటే హుక్‌తో, నూలు అల్లడం) చేసేవాళ్లం మన పని నలుగురికీ చూపించుకోవడానికి ఇప్పుడు చోటుకు కొదవ లేదు. శాలువా ఫొటో ఒకటి పెడితే నిమిషాల్లో లైకులు వచ్చిపడతాయి. కానీ ఇంకొకరి శాలువా చూసినప్పుడు నాకు వచ్చే ప్రశ్నలు వేరు. ఏ నూలు వాడారు, ఎన్ని మీటర్లు పట్టింది, హుక్ ఎంత సైజు, అంచు ముడుచుకుపోకుండా ఏం చేశారు? ఇవి తెలియకపోతే ఆ ఫొటో కంటికి బాగుంటుంది గానీ చేతికి పనికిరాదు. ఈ సంగతులన్నీ ఒక పద్ధతిగా రాసిపెట్టుకుని, అందరితో పంచుకునే చోటు నాకు రావెల్రీ అనే వెబ్‌సైటు ఒక్కటే దొరికింది. చాలా ఏళ్లుగా వాడుతున్నాను. నా అల్లిక ఇవాళ ఇలా ఉందంటే అందులో అక్కడి వాళ్ల చలవ చాలా ఉంది. అందుకే ఈ రివ్యూ కాస్త వివరంగా రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. 2007లో జెస్సికా, కాసిడీ ఫోర్బ్స్ అనే దంపతులు అమెరికాలో దీన్ని మొదలుపెట్టారు. రెండు సూదులతో అల్లేవాళ్లకీ, క్రోషే హుక్ పట్టేవాళ్లకీ ఇద్దరికీ పనికొస్తుంది. అకౌంట్ ఉచితం. ప్యాటర్న్‌లు, అంటే ఒక వస్తువును ఎలా అల్లాలో వరసవారీగా చెప్పే సూచనలు, కొన్ని ఉచితం, కొన్ని డిజైనర్ పెట్టిన ధరకు కొనుక్కోవాలి.

దీని అసలు బలం ప్యాటర్న్‌కీ, దాన్ని చూసి అల్లినవాళ్ల ప్రాజెక్టులకీ (తాము అల్లినదాని గురించి రాసుకున్న పేజీలకీ) మధ్య ఉన్న లింకు. ఏ ప్యాటర్న్ తెరిచినా పక్కనే ప్రాజెక్టుల ట్యాబ్ ఉంటుంది. అదే డిజైన్‌ను రకరకాల మనుషులు, రకరకాల నూళ్లతో, రకరకాల ఒళ్ల మీద ఎలా తీర్చుకున్నారో వరసగా కనిపిస్తుంది. డిజైనర్ ఫొటోలో మంచి వెలుతురు ఉంటుంది, మోడల్ ఉంటుంది, బట్ట సరిగ్గా సర్ది ఉంటుంది. ప్రాజెక్టు ఫొటోల్లో మామూలు మనుషులు అద్దం ముందు నిలబడి ఉంటారు. భుజం దగ్గర ఎక్కడ లూజు అవుతుందో, నడుము దగ్గర ఎక్కడ పైకి లేస్తుందో నాకు అక్కడే తెలుస్తుంది.

ఫొటో కింద నోట్స్ ఉంటాయి. నేను ఎక్కువసేపు గడిపేది వాటి దగ్గరే. మా చెల్లెలి కూతురికి మెడ నుంచి కిందికి అల్లుకుంటూ వచ్చే కార్డిగన్ ఒకటి చేద్దామనుకున్నప్పుడు, నూలు బయటకు తీయకముందే ఆ ప్యాటర్న్ ప్రాజెక్టులన్నీ చదివాను. చేతులు బిగుతుగా వస్తున్నాయని వేరువేరు చోట్ల వేరువేరు మనుషులు రాశారు. ఒకావిడ చంక దగ్గర వేసే చెయిన్‌లో (గొలుసు కుట్ల వరసలో) నాలుగు కుట్లు కలిపితే సరిపోయిందని, ఆ నాలుగింటినీ తర్వాత ఏ వరసల్లో తగ్గించిందో కూడా రాసింది. ఆమె ఎవరో, ఏ దేశమో నాకు తెలియదు. కానీ ఆమె రాసినట్టే చేశాను. చేతులు హాయిగా దిగాయి. ప్యాటర్న్ రాసినవాళ్లు చెప్పని సంగతి, అల్లి చూసినవాళ్లు చెప్పారు. ఇలాంటి నోట్స్ పనికొచ్చాయని మనం గుర్తు పెట్టొచ్చు. అలా గుర్తు పడినవి తర్వాత వెతికేవాళ్లకు సులువుగా దొరుకుతాయి. ఓపిక చేసుకుని రాసినవాళ్లకు అంతకన్నా మంచి గౌరవం ఏముంటుంది?

గేజ్, అంటే ఇంత కొలతకు ఇన్ని కుట్లు రావాలన్న లెక్క, ఆ విషయం కూడా ఇక్కడే నాకు బాగా ఒంటబట్టింది. ప్యాటర్న్‌లో 10 సెంటీమీటర్లకు 16 కుట్లు రావాలని ఉందనుకోండి. ఒంటి చుట్టూ 96 కుట్లయితే 60 సెంటీమీటర్లు వస్తుంది. మన చేతి బిగువుకు 10 సెంటీమీటర్లలో 18 కుట్లు పడితే అదే 96 కుట్లు 53 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. పిల్లల స్వెటర్‌లో ఏడు సెంటీమీటర్లు తగ్గితే అది తొడుక్కోవడానికి పనికిరాదు. ప్రాజెక్టు పేజీలో హుక్ సైజు రాయడానికి ప్రత్యేకంగా గడి ఉంది కాబట్టి ఒకే ప్యాటర్న్‌కు ఒకరు 4 మిల్లీమీటర్లది, ఒకరు 5 మిల్లీమీటర్లది ఎందుకు వాడారో చూసి, నా చేయి ఎవరి చేతికి దగ్గరగా ఉందో అంచనా వేసుకుంటాను. ముందు చిన్న ముక్క అల్లి కొలుచుకోవడం ఎలాగూ తప్పదు, కానీ ఆ ముక్క ఏ హుక్‌తో మొదలుపెట్టాలో ముందే తెలిసిపోతుంది.

నూలు మార్చుకునేవాళ్లకు ఇంకో ట్యాబ్ ఉంది. ప్యాటర్న్‌లో చెప్పిన నూలు కాకుండా జనం ఏమేం వాడారో అందులో చూపిస్తుంది. నాకు కాటన్ ఇష్టం, ప్యాటర్న్‌లేమో తరచుగా ఊలుకు రాసి ఉంటాయి. ఊలు సాగి మళ్లీ దగ్గరికి వస్తుంది. కాటన్‌కు ఆ గుణం లేదు, పైగా బరువు. పొడుగాటి కార్డిగన్ కాటన్‌తో చేస్తే తన బరువుకు తానే కిందికి జారుతుంది. కాటన్‌తో చేసినవాళ్ల ప్రాజెక్టులు మాత్రం తెరిచి, కొన్నాళ్లు వాడాక ఎలా ఉందని రాశారో చదివితే పొడవు ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. ఇంకో మాట, నూలు మార్చేటప్పుడు గ్రాములు చూడకండి, మీటర్లు చూడండి. ఒకే బరువున్న రెండు ఉండల్లో నూలు పొడవు ఒకటే ఉండాలని లేదు. ఇక్కడ ప్యాటర్న్ పేజీలోనూ, నూలు పేజీలోనూ పొడవు రాసి ఉండటం వల్ల ఆ లెక్క తేలిగ్గా అయిపోతుంది.

పూర్తయిన ప్రాజెక్టులకే కాదు, విప్పేసినవాటికీ ఇక్కడ స్థానం ఉంది. ప్రాజెక్టు స్థితి నాలుగు రకాలుగా పెట్టుకోవచ్చు: నడుస్తున్నది, పూర్తయినది, కొన్నాళ్లు పక్కన పెట్టినది, విప్పేసినది. ఈ చివరిదాన్ని నేను తప్పకుండా చూస్తాను. ఎందుకు విప్పేశారో రాసినవాళ్లు నాకు ఎంతో మేలు చేసినట్టే. రంగులు మార్చేటప్పుడు వెనక దారాలు మరీ ఎక్కువ మిగిలాయనో, మూడో భాగంలో కుట్ల లెక్క కుదరలేదనో ఒక వాక్యం ఉంటుంది. అది చదివాక ఆ ప్యాటర్న్ నాకు సరిపడుతుందో లేదో తేలిపోతుంది. సోషల్ మీడియాలో ఎవరూ విప్పేసిన అల్లిక చూపించరు. ఇక్కడ చూపిస్తారు, అది నాకు చాలా విలువైన విషయం.

వెతకడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, బాగుంటుంది. క్రోషే మాత్రమే, ఉచితం మాత్రమే, ఫలానా మందం నూలు, నా దగ్గరున్న ఇన్ని మీటర్లలో అయ్యేవి అని వడకట్టుకోవచ్చు. మిగిలిపోయిన ఒక్క ఉండతో ఏం చేయాలన్న ప్రశ్నకు ఇంతకన్నా త్వరగా జవాబు ఎక్కడా దొరకదు.

కొత్తగా చేరేవాళ్లు ఒక్కటి మాత్రం జాగ్రత్తగా చూడండి. క్రోషే కుట్ల పేర్లు అమెరికాలో ఒకలా, బ్రిటన్‌లో ఒకలా ఉంటాయి. అమెరికా పద్ధతిలో సింగిల్ క్రోషే అనేదాన్ని బ్రిటన్ పద్ధతిలో డబుల్ క్రోషే అంటారు. అమెరికా డబుల్ బ్రిటన్‌లో ట్రెబుల్ అవుతుంది. పేరు ఒకటే, కుట్టు వేరు, ఎత్తు వేరు. ప్యాటర్న్ ఏ పద్ధతిలో ఉందో రాయడానికి రావెల్రీ పేజీలోనే చోటు ఉంది. అది చూడకుండా హుక్ పట్టకండి. గుర్తులతో వేసిన చార్ట్ ఉన్న ప్యాటర్న్ దొరికితే ఈ గొడవే ఉండదు. చెయిన్‌కు చిన్న కోడిగుడ్డు ఆకారం, అమెరికా డబుల్ క్రోషేకు కాడ మీద ఒక అడ్డగీత ఉన్న టీ ఆకారం. ఏ దేశంవాళ్లు గీసినా దాదాపు ఇంతే. ఇంగ్లీషు చదవడం కష్టమనిపించేవాళ్లకు నేను ముందు చార్ట్‌లే నేర్చుకోమంటాను. సైటులో ఎక్కువగా ఇంగ్లీషే ఉంటుంది కాబట్టి ఈ సలహా ఇంకా అవసరం.

ఈమధ్య కంప్యూటర్ పుట్టించిన బొమ్మలతో ప్యాటర్న్‌లు అమ్మేవాళ్లు ఇంటర్నెట్‌లో ఎక్కువయ్యారు. బొమ్మలో కుందేలు ముద్దుగా ఉంటుంది, దగ్గరికి తెచ్చి చూస్తే కుట్లు ఒకదాంట్లోంచి ఒకటి వచ్చినట్టు ఉండవు. అల్లికబొమ్మ తల ఎలా పెరుగుతుందో తెలిసినవాళ్లకు అది వెంటనే తెలుస్తుంది. మ్యాజిక్ రింగ్‌లో (మొదట వేసుకునే, లాగితే బిగిసే నూలు ఉంగరంలో) 6 కుట్లు, తర్వాత 12, 18, 24... వరసకు ఆరేసి చొప్పున పెరిగితే చక్కగా పళ్లెంలా పరుచుకుంటుంది, పెంచడం ఆపితే గిన్నెలా లోపలికి తిరుగుతుంది. ఇది తెలియని కొత్తవాళ్లు డబ్బు పెట్టి కొని ఏడుస్తారు. అందుకని ఎక్కడ చూసిన ప్యాటర్న్ అయినా సరే, వేరేవాళ్లు అల్లిన ప్రాజెక్టులు ఉన్నాయా అని నేను ముందు రావెల్రీలో వెతుకుతాను. పదిమంది చేతుల్లో తయారైన కుందేలు కనిపిస్తే ఆ ప్యాటర్న్‌ను నమ్మొచ్చు. కొత్త డిజైనర్లకు మొదట్లో ప్రాజెక్టులు ఉండకపోవచ్చు. అలాంటప్పుడు వాళ్ల ఫొటోల్లో కుట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయో లేదో చూస్తాను.

పంచుకోవడం అంటే కొన్న పీడీఎఫ్ ఇంకొకరికి పంపడం కాదని కూడా ఇక్కడే చెప్పాలి. క్రోషే గ్రూపుల్లో ఇది చాలా మామూలు విషయమైపోయింది, నాకు బాధగా ఉంటుంది. సైజులన్నీ లెక్కకట్టి, నమూనాలు అల్లి, ఇంకొకరి చేత అల్లించి సరిచూసి ఒక డిజైనర్ ప్యాటర్న్ విడుదల చేస్తారు. దాని ఫైలు ఊరికే తిప్పేస్తే వాళ్లు రెండోది రాయడం మానేస్తారు. స్నేహితురాలికి ఇవ్వాలనిపిస్తే ప్యాటర్న్‌ను బహుమతిగా కొని పంపే ఏర్పాటు రావెల్రీలో ఉంది. మనం చేసుకున్న మార్పులు, వాడిన నూలు, తీసిన ఫొటోలు మాత్రం ఎంతమందితోనైనా పంచుకోవచ్చు. డిజైనర్‌కు కూడా అది మేలే.

నా ప్రాజెక్టు పేజీ రాసేటప్పుడు ఒక అలవాటు పెట్టుకున్నాను. అల్లుతున్నప్పుడే రాస్తాను, అయిపోయాక కాదు. ఏ వరసలో ఏం మార్చానో అప్పుడే రాయకపోతే తర్వాత గుర్తుండదు. నూలు పేరుతో పాటు రంగు నంబరు, డై లాట్ (ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు) కూడా రాస్తాను. ఫొటోల్లో ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి, అంచు దగ్గరగా ఒకటి తప్పకుండా పెడతాను. ఉతకక ముందు ఎంత ఉంది, ఉతికి ఆరేశాక ఎంతయింది అన్న కొలతలు కూడా. శాలువా, లేసు పనుల్లో ఆ తేడా చాలా ఉంటుంది, అయినా ఎక్కువమంది రాయరు. మా అమ్మాయి ఫొటోలు పెట్టేటప్పుడు ముఖం రాకుండా చూసుకుంటాను. పిల్లల బట్టలు అల్లేవాళ్లందరికీ అదే చెబుతాను.

నచ్చనివి కూడా ఉన్నాయి. సూదులతో అల్లేవాళ్ల సందడి అక్కడ ఎక్కువ, క్రోషే అని వడకట్టకపోతే మనవి వెనక్కి పోతాయి. పేజీల్లో గడులు, ట్యాబ్‌లు చాలా ఉంటాయి, మొదటిసారి చూసినవాళ్లు బెదిరిపోతారు. 2020లో సైటు రూపం మార్చినప్పుడు తలనొప్పి, మైగ్రేన్ వస్తున్నాయని ఎంతోమంది సభ్యులు మొరపెట్టుకున్నారు. రూపాన్ని మార్చుకునే సెట్టింగులు ఉన్నాయి, కళ్లకు ఇబ్బంది ఉన్నవాళ్లు ముందు వాటిని చూసుకోండి. ఇంకొకటి, సమాచారమంతా సభ్యులు నింపేదే. ఎవరూ రాయని ప్యాటర్న్ పేజీ ఖాళీగానే ఉంటుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లు కొత్త ప్యాటర్న్‌ల కోసం వెతకొద్దు. మీరు ఇప్పటికే అల్లేసిన వస్తువు ఏదైనా ఉంటే దాని ప్యాటర్న్ తెరవండి. మీరు పడిన కష్టమే ఇంకెవరో పడి ఎలా దాటారో అందులో కనిపిస్తుంది. తర్వాత మీ ప్రాజెక్టు పేజీ తెరిచి హుక్ సైజు, నూలు, మార్చిన వరసలు రాయండి. ఫొటో తర్వాతైనా పెట్టుకోవచ్చు.